ఫ్యాన్ ఆగేదాకా

"తిప్పడం రానివాళ్ళంటూ లోకంలో ఎవరూ ఉండరండీ, రండి, ఒక్కసారి పట్టుకుని చూడండి!"

వంటసామాన్ల దుకాణంలో గుమ్మం పక్కనే బల్ల వేసుకుని నేను రోజంతా చెప్పే మాట అది. నా ఉద్యోగం సామాను వాడి చూపించడం. ఆ ఏడు వానలు మొదలవుతుండగా కొట్లోకి కొత్త యంత్రం ఒకటి వచ్చింది. పెట్టె మీద స్పైరలైజర్ అని రాసుంది గానీ, ఆ పేరు మా యజమానికే నోరు తిరగలేదు. ఒక చివర పళ్ళున్న చక్రం, దానికో పిడి, ఎదురుగా నిలువు బ్లేడు. మధ్యలో క్యారెట్టో కీరానో గుచ్చి పిడి తిప్పితే, కాయ కాస్తా తీగలు తీగలుగా, అచ్చం నూడిల్స్‌లా అవతలికి జారుతుంది. "మా ఇంట్లో రోజూ ఇదేనండీ, పిల్లలు ఎగబడి తింటారు" అని కూడా కలిపేదాన్ని. అప్పటికి మా ఇంట్లో దాని అట్టపెట్టె కూడా లేదు. అబద్ధమని నాకెప్పుడూ తోచలేదు. అమ్మే నోటికి అది ఉప్పు లాంటిది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామయ్య కాలి పుండు బయటపడింది. కుడికాలి చిటికెన వేలి కింద చెప్పు ఒరుసుకుని బొబ్బ లేచింది. బొబ్బ పుండైంది, పుండు మానలేదు. తీరా డాక్టరు రక్తం పరీక్ష చేయిస్తే ఆయన ఒంట్లో చక్కెర ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియనంతగా ఉంది.

"రెండే రెండు పనులు. నోరు కట్టుకోవాలి, కాలి మీద బరువు పెట్టకూడదు. వానలు వెనకబట్టేసరికి పుండు మూతపడాలి. పడలేదా, వేలు తీసెయ్యాలి. వేలితో ఆగితే అదృష్టం అనుకోండి" అన్నాడు డాక్టరు.

మామయ్య జీవితమంతా ఫ్యాక్టరీలో, ఇనుప కడ్డీల్ని తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసిన టర్నర్. ఆయనకి ఇష్టమైనవి రెండు: లేత్ మిషన్, నూడిల్స్. మొదటిదాన్ని ఫ్యాక్టరీ వాళ్ళు రిటైర్మెంటు రోజున తీసేసుకున్నారు. రెండోదాన్ని ఇప్పుడు డాక్టరు లాక్కున్నాడు.

ఆ రాత్రి అందరికీ నూడిల్స్ వడ్డించి, మామయ్య ముందు మాత్రం ఉడికించిన కూరముక్కల గిన్నె పెట్టాను. ఆయన గిన్నె కేసి చూశారు, నా కేసి చూశారు.

"ఇదేంటమ్మా, నాకొక్కడికే?"

"మీ ఒంటికి మంచిది మామయ్యా."

"మంచిదైతే మీరూ తినండి. వేరే గిన్నె పెట్టారంటే వేరే మనిషిని చేసినట్టే. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మేనేజరూ నేనూ ఒక్క గిన్నెలోది తిన్నాం. ఈ వయసులో నాకు వేరే గిన్నె వద్దు."

"మరి కాలు నాన్నా?" అన్నాడు మా ఆయన.

"పోతే పోనీరా. ఒక్క వేలేగా. ఇంకా తొమ్మిదుంటాయి."

గిన్నె పక్కకి నెట్టి, మా అమ్మాయి చిట్టి పళ్ళెంలోంచి ఒక నూడిల్ పోగు లాక్కుని నోట్లో వేసుకున్నారు. చిట్టి కిలకిలా నవ్వింది. మేమిద్దరం మాత్రం ముఖముఖాలు చూసుకున్నాం. మొండితనంలో ఆయనకి ఆయనే సాటి.

మర్నాడు కొట్లోంచి ఆ యంత్రం ఇంటికి తెచ్చాను. మామయ్య కుర్చీలో కాలు స్టూలు మీద పెట్టుకుని పేపరు చదువుతున్నారు. పెట్టె విప్పి బల్ల మీద పెట్టి, నా ఉపన్యాసం ఇంకా మొదలుపెట్టనే లేదు, ఆయన పేపరు కింద పడేశారు.

"ఇది లేత్ కదమ్మా!" 

నిజమే. ఇన్నాళ్ళూ దాన్ని తిప్పి చూపించానే గానీ నాకు తట్టలేదు. పట్టుకునే పళ్ళు, తిరిగే పిడి, కదలని కత్తి. ఆయన కళ్ళజోడు సవరించుకుని బ్లేడుని గోటితో తాకి చూశారు, చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపారు. క్యారెట్టు రెండు కొసలూ చదునుగా కోయించుకుని, సరిగ్గా నడిమధ్యన గుచ్చి పిడి తిప్పారు. నేను తిప్పితే ముక్కలు ముక్కలుగా తెగే క్యారెట్టు ఆయన చేతిలో ఒకటే పోగుగా సాగింది.

"చూశావా? ఇనుమైనా క్యారెట్టైనా అంతే. తెగకుండా వచ్చిందంటే పనివాడు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడని."

చిట్టి పరుగెత్తుకుంటూ వెళ్ళి యాపిల్ పండు తెచ్చింది. ఆయన దాన్ని కూడా బిగించి, తిప్పీ తిప్పీ, పండంతా ఒక్క రిబ్బనులా చేసి మనవరాలి మెళ్ళో వేశారు. అది అద్దం ముందు నిలబడి దండ కొసనుంచి కొరుక్కుతింటూ వచ్చింది. మధ్యలో మిగిలిన సన్నటి కాడల్ని పెన్సిళ్ళు అంది. అన్నాళ్ళ తర్వాత మామయ్య మొహంలో కళ చూశాను. అమ్మకం కుదిరే క్షణం నాకు బాగా తెలుసు, అందుకే వదల్లేదు.

"మామయ్యా, మీరు తిప్పండి, నేను వండుతాను. మీరు తిన్నదే మేమూ తింటాం."

"అందరూనా?"

"అందరం."

"ఒక్క గిన్నె?"

"ఒక్కటే గిన్నె."

"చిట్టి కూడా?"

"చిట్టికైతే మరీ ఇష్టం" అన్నాను, బల్ల దగ్గర చెప్పినంత తేలిగ్గా. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, సరే అన్నట్టు తల ఊపారు. ఆ రాత్రి నుంచి ఆయన నోరు కట్టుకున్నారు.

మొదటి వారం పండగలాగే గడిచింది. క్యారెట్టు పోగులు, కీరా పోగులు, ముల్లంగి పోగులు, గుమ్మడికాయ పోగులు. మామయ్య పొద్దున్నే కాయలన్నీ ముందేసుకుని, ఏది లావు పోగుకి పనికొస్తుందో ఏది సన్నానికి పనికొస్తుందో లెక్కలు వేసుకునేవారు. బ్లేడు తీసి కడిగి తుడిచి మళ్ళీ బిగించే పని ఎవరికీ ఇచ్చేవారు కాదు. మేమూ వంకలు పెట్టకుండానే తిన్నాం.

రెండో వారంలో ఒక సాయంత్రం చిట్టి బడి నుంచి తడిసి ముద్దై వచ్చింది. ఆకలి, ఆకలి అంటూ పుస్తకాల సంచీ విసిరికొట్టింది. గిన్నె మూత తీసి, అందులో ఎర్రటి బీట్రూట్ పోగులు చూసి ఏడుపు లంకించుకుంది. మామయ్య ఇంట్లో లేరు. నేను కొట్టు నుంచి రాగానే ఆయన గొడుగు ఊతంగా పట్టుకుని, సందు మొదట్లో ఉన్న సైకిల్ షాపు దాకా మెల్లగా నడిచి వెళ్ళి, అక్కడి బల్ల మీద కాలు చాపుకుని కాసేపు కూర్చుని వచ్చేవారు. ఆ షాపాయన ఒకప్పుడు ఆయన ఫ్యాక్టరీలోనే ఫిట్టర్. ఆ కాస్త నడకకి డాక్టరు కూడా ఒప్పుకున్నాడు.

పిల్ల ఏడుస్తోంది, పెద్దాయన లేరు. అటకమీంచి నూడిల్స్ పొట్లం తీసి ఒక చిన్న గిన్నెడు వండిపెట్టాను. అది తింటుండగా మా ఆయన పని నుంచి వచ్చాడు. "ఒక్క చెంచా" అన్నాడు. చెంచా పోయి పళ్ళెం వచ్చింది. మూడో రోజుకి నేనూ పక్కనే నిలబడి తింటున్నాను. ఏకు మేకవడమంటే ఇదేనేమో, చిన్న గిన్నె పోయి పెద్ద గిన్నె పొయ్యెక్కింది.

"వాసన ఎలా? నాన్న ముక్కు అసలే పాము చెవి" అన్నాడు మా ఆయన.

ఆయన ఎలక్ట్రీషియన్. ఆ ఆదివారమే వంటింటి వెనక గోడకి కన్నం కొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాడు. మామయ్య దగ్గరుండి, మరలు సరిగ్గా బిగించాడో లేదో చూసి మరీ మెచ్చుకున్నారు. "పొగ లేకపోతే అమ్మాయికి కళ్ళు మండవురా, మంచి పని చేశావు" అన్నారు. నేను పొయ్యి వైపు తిరిగి గిన్నె తోముతున్నట్టు నటించాను. తోముతున్న గిన్నె అప్పటికే శుభ్రంగా ఉంది.

అప్పటినుంచి సాయంత్రాలు ఒక పద్ధతిలో పడ్డాయి. మామయ్య గేటు దాటగానే ఫ్యాన్ వేసేవాళ్ళం. నిలబడే వండి, నిలబడే తిని, గిన్నె కడిగి తుడిచి బోర్లించేవాళ్ళం. వాసనంతా వెనక సందులోకి పోయాక ఫ్యాన్ ఆపేవాళ్ళం. ఆపిన కాసేపటికి గేటు దగ్గర దగ్గు వినిపించేది. ఒకటి కాదు, ఆగి ఆగి మూడు నాలుగు. ఆ తర్వాత గొడుగు చప్పుడు, తర్వాత మనిషి.

"టైమంటే టైమే నాన్నది. గడియారం పెట్టుకున్నట్టు వస్తాడు" అని మా ఆయన నవ్వేవాడు.

రాత్రి భోజనానికి అందరం కూర్చునేవాళ్ళం. ఒక్క గిన్నె. కడుపులు నిండి ఉండేవి కాబట్టి ముగ్గురం పోగుల్ని పళ్ళెంలో అటూ ఇటూ తిప్పేవాళ్ళం. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఈ రోజు గుమ్మడి ఎంత బాగా కుదిరింది మామయ్యా!" అనేదాన్ని. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన తలెత్తినప్పుడల్లా నా చెయ్యి పెదాల మీదకి పోయేది, ఎక్కడైనా నూనె మెరుస్తోందేమోనని. ఆయన "తినండి, తినండి" అంటూ తన వంతు శుభ్రంగా ముగించి, "మీరెవరూ సరిగ్గా తినట్లేదు" అని బాధపడేవారు. రేపటి నుంచి మానేద్దాం అనుకుంటూనే పడుకునేదాన్ని. పొద్దున ఆ అనుకున్నది గుర్తుండేది కాదు.

దగ్గు రోజూ వినపడుతుంటే వానలో తిరిగి జలుబు చేసిందనుకున్నాను. చక్కెర లేని మందు ఏదో వెతికి వెతికి తెచ్చి రోజుకి రెండు మూతలు తాగించాను. ఆయన మొహం చిట్లించుకుంటూ తాగేశారు. "తగ్గిందా మామయ్యా?" అంటే, "తగ్గుతోందమ్మా" అన్నారు. సాయంత్రం మళ్ళీ గేటు దగ్గర దగ్గు.

వానలు ముదిరాయి. పుండు మాత్రం మానకపోగా పెద్దదైంది. కట్టు మార్చడానికి వచ్చే సిస్టర్ ఒకరోజు గాజుగుడ్డ విప్పి, దాన్ని వేళ్ళతో నలిపి చూసింది.

"ఇది తడిసింది. కాలు నీళ్ళలో పెడుతున్నారా తాతగారూ?"

"వానాకాలం కదా తల్లీ" అన్నారు మామయ్య.

"చక్కెర చూస్తే అదుపులోకి వస్తోంది. మరి పుండెందుకు ఇలా ఉంది? ఎక్కువసేపు నిలబడుతున్నారా?" అని నన్నడిగింది.

"లేదు సిస్టర్. సందు మొదటి దాకా వెళ్ళి కూర్చుని వస్తారంతే" అన్నాను.

"అయితే నాకు తెలీకుండా ఏదో జరుగుతోంది" అంటూ ఆవిడ కొత్త కట్టు కట్టింది. "ఇలాగే ఉంటే మాత్రం డాక్టరుగారు ఆగరు."

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. తెలీకుండా ఏదో జరుగుతోంది అనగానే నాకు తట్టింది ఒక్కటే. దొంగతిండి. సైకిల్ షాపు ఎదురుగానే బేకరీ ఉంది. ఆ రాత్రి మా ఆయన చెవిన వేశాను. ఆయన ఊరుకునే రకం కాదు.

"బేకరీకి వెళ్తున్నావా నాన్నా?" భోజనాల దగ్గర అందరి ముందూ అడిగేశాడు. "నీ కోసం ఇంటిల్లిపాదీ గడ్డి తింటుంటే నువ్వు బయట..."

మామయ్య చేతిలో చెంచా ఆగింది. ముందు కొడుకుని, తర్వాత నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఉంది.

"అవున్రా. ఒకటి రెండుసార్లు తిన్నాను. బిస్కెట్టు."

"తాతా! చెప్పకుండానా?" అంది చిట్టి, కళ్ళు పెద్దవి చేసి.

"తప్పేనే. ఇక తినను."

"చూశావా" అన్నట్టు మా ఆయన నా వైపు తిరిగాడు. నాకు సిగ్గులేని హాయి కలిగింది. మేమొక్కళ్ళమే కాదన్నమాట అనిపించింది. అబద్ధాన్ని ఇంటిల్లిపాదీ పంచుకున్నాక బరువు తగ్గినట్టే ఉంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత బాగా నిద్రపట్టింది.

పుండు మాత్రం తగ్గలేదు. తర్వాతి వారం సిస్టర్ కట్టు విప్పి వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది. ఆ సాయంత్రం నేను కొట్టు నుంచి రాగానే మామయ్య మామూలుగా గొడుగు తీసుకుని బయల్దేరారు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, మిగతాది మా ఆయనకి అప్పగించి, చున్నీ తల మీద కప్పుకుని నేనూ బయటపడ్డాను. పట్టుకుందామనే వెళ్ళాను. రెడ్‌హ్యాండెడ్‌గా బిస్కెట్టుతో పట్టుకుని, ఇంటికి తీసుకొచ్చి కడిగేద్దామని.

వాన సన్నగా పడుతోంది. బేకరీలో అబ్బాయి ఒక్కడే ఈగలు తోలుకుంటున్నాడు. మా మామయ్య ఎప్పుడూ రాలేదన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ఎదురుగా సైకిల్ షాపు చూస్తే షట్టరు సగం దిగి ఉంది. లోపల షాపాయన బల్ల నిలువుగా గోడకి ఆనిస్తున్నాడు.

"బాబాయ్, మామయ్య ఏరీ? మీరిద్దరూ కలిసి ఆయనకి ఏం తినిపిస్తున్నారు?"

ఆయన బల్ల వదిలి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ మాట ఆయనకి తగిలిందని తెలుస్తూనే ఉంది.

"నేనా? వచ్చి కూర్చుంటాడు. టీ కూడా ముట్టడు. వానలొచ్చాక గిరాకీ లేదు తల్లీ, నేను తొందరగా కట్టేస్తున్నాను. ఇంటికి పోరా, కాలు తడుస్తుంది అంటే వినడు. కొంచెం సేపు చల్లగాలికి నిలబడి పోతాను, నువ్వెళ్ళు అంటాడు."

"చల్లగాలికా? ఈ వానలోనా?"

బాబాయ్ నా మొహంలోకి చూడలేదు. షట్టరు గడియ సరిచేస్తున్నట్టు వంగాడు.

"మీతో చెప్పొద్దన్నాడు. కానీ ఆ కాలు చూస్తే నాకు నిద్ర పట్టట్లేదు తల్లీ. మీ వెనక సందులో నిలబడి, వంటింటి ఫ్యాన్ ఆగాక గానీ ఇంటికి పోడు. పిల్ల బడి నుంచి ఆకలితో వస్తుంది, కడుపునిండా తిననీ అంటాడు. నేను మధ్యలో వెళ్తే వాళ్ళు కంగారుపడతారు, వేడివేడిది గబగబా మింగేస్తారు అంటాడు. మీరు మొదలుపెట్టిన వారం నుంచే తెలుసు వాడికి. మరి అడగరాదురా అన్నాను. నా కోసం పాపం అంత కష్టపడి నటిస్తున్నారు, చెడగొట్టడం ఎందుకురా అన్నాడు."

ఆయనతో ఏమన్నానో నాకు గుర్తులేదు.

మా ఇంటి వెనక సందులోకి తిరిగాను. ఎదురింటి గోడకి చిన్న చూరు ఉంది, ఒక మనిషి సగం మాత్రమే పడతాడు దాని కింద. మామయ్య గోడకి ఒక చెయ్యి ఆన్చి, రెండు కాళ్ళ మీదా బరువు మోపి నిలబడి ఉన్నారు. పెద్ద చెప్పులోంచి కట్టు బయటికి వచ్చి బురదలో నానుతోంది. మా వంటింటి ఫ్యాన్ ఆయనకి ఎదురుగా తిరుగుతోంది. ఇంట్లో ఆయన ముక్కుకి సోకకూడదని మేం బయటికి తోసిన వాసనంతా నేరుగా ఆయన మొహం మీదకే వస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నొప్పికి అనుకున్నాను.

పిలవలేకపోయాను. వెనక్కి తిరిగి, గేటు తోసుకుని వంటింట్లోకి పరుగెత్తాను. తండ్రీకూతుళ్ళు పళ్ళెం మధ్యలో పెట్టుకుని నవ్వుకుంటూ తింటున్నారు.

"ఫ్యాన్ ఆపండి."

"ఇంకా పొయ్యి మీద ఉంది కదే, సగమే..."

"ఆపండి అంటుంటే!"

నేనే చెయ్యి చాచి స్విచ్ నొక్కాను. రెక్కలు ఆగాయి. నూడిల్స్ వాసన వంటిల్లంతా కమ్మేసింది. గిన్నె ఎత్తబోయిన మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాను. "ఉంచండి" అన్నాను. నా మొహం చూసి ఆయన చేతిలో చెంచా కింద పెట్టాడు.

మామయ్య సందు చుట్టి రావడానికి చాలాసేపు పట్టింది. ఎన్ని రోజులు ఆ దూరం నడిచారో అప్పుడే నాకు లెక్కకొచ్చింది. గేటు దగ్గర దగ్గు. ఆగి, మళ్ళీ దగ్గు. జలుబు చేసిన మనిషి దగ్గినట్టు లేదు, తలుపు తట్టినట్టుంది. ఇన్నాళ్ళూ అలాగే ఉండి ఉంటుంది, నేనే వినలేదు.

మామయ్య గుమ్మంలోకి వచ్చారు. పొయ్యి మీద గిన్నె, చిట్టి నోట్లోంచి వేలాడుతున్న పోగు, తలొంచుకున్న కొడుకు, అన్నీ ఒక్క చూపులో చూశారు.

"ఏరా, ఫ్యాన్ పాడైందా?" అన్నారు. మేం తప్పించుకునే దారి ఇవ్వడానికే అడిగారు.

"కూర్చోండి మామయ్యా. కాలు పైకి పెట్టండి" అన్నాను. కింద కూర్చుని బురద కట్టు విప్పాను. "బిస్కెట్టు తిన్నానని ఎందుకు చెప్పారు?"

"నువ్వు వెతకడం మొదలుపెడితే వదలవు కదమ్మా. ఏదో ఒకటి దొరికితే ఊరుకుంటావని."

"ఇక ఆ ఫ్యాన్ వెయ్యం. ఈ ఇంట్లో నూడిల్స్ వండం. ఒట్టు."

ఆయన నవ్వారు. "అదేంటమ్మా! నాకు ఆ వాసనొక్కటే దక్కేది."

వేళాకోళానికే అన్నారు. చిట్టి కూడా నవ్వింది. మా ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను మామయ్య పాదం ఒళ్ళో పెట్టుకుని, ఏడుస్తున్నానని కూడా తెలియకుండా ఏడ్చాను.

వానలు వెనకబట్టాక వేలు తీసేశారు. దాని పక్క వేలు దక్కింది. "ఇంత జాగ్రత్తగా తిన్న మనిషికి ఇలా ఎందుకైందో" అని డాక్టరు తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "మేం నిలబెట్టాం డాక్టర్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థమైన మనిషి మంచం మీద ఉన్నారు.

"నోరు మూసుకో అమ్మాయ్" అన్నారు మామయ్య, అంత మెత్తగా ఆ మాట ఎవరూ అనరు. "నాకు వేరే గిన్నె వద్దన్నాను గానీ, మీకు వద్దనలేదు కదా. పసిపిల్ల క్యారెట్టు తిని ఎన్నాళ్ళుంటుంది?"

నాలుగు తిట్టి ఉంటే బాకీ తీరినట్టు ఉండేది. తిట్టలేదు. ఆ మంచితనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చునే పిడి తిప్పుతారు. చిట్టికి మాత్రం నూడిల్స్ వండాలని, అదీ తన కళ్ళెదుటే పెట్టాలని ఆయన పట్టుబట్టారు. ఫ్యాన్ వెయ్యనివ్వరు. మా ఆయనా నేనూ మామయ్య గిన్నెలోదే తింటాం, ఆకలితోనే తింటాం. కొట్లో మాత్రం తంటా వచ్చిపడింది. "మీ ఇంట్లో తింటారా?" అని ఎవరైనా అడిగితే, రోజూ ఇదేనండీ అని చెప్పొచ్చు, అక్షరాలా నిజం. ఆ మాట ఒక్కటే నోరు దాటి రావట్లేదు.

రాత్రి భోజనం వేళకి మామయ్య చేతికర్ర ఆనించుకుంటూ తన గదిలోంచి వంటింటి వైపు వస్తారు. నాలుగడుగుల దూరం. పొయ్యి మీద దాచాల్సింది ఏమీ ఉండదు. అయినా గుమ్మానికి ఇవతలే ఆగి, ఒకసారి, ఆగి మరోసారి దగ్గుతారు.

"ఇంట్లో కూడా ఎందుకు మామయ్యా ఆ దగ్గు?" అని ఒకసారి అడిగాను.

"అలవాటైపోయిందమ్మా" అన్నారు.

నాకూ అంతే. ఆ దగ్గు వినపడగానే, ఏ పని చేస్తున్నా సరే, ఆపేశానో లేదోనని నా చెయ్యి దానంతటదే ఫ్యాన్ స్విచ్ మీదకి పోతుంది.